ఏడు అంటే ఎంత? ప్రోస్టేట్ క్యాన్సర్ రిపోర్ట్‌లో ఒక అంకె వెనకున్న కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక అంకె ఉంది. ఆ అంకె ఎలా పుట్టింది, దాన్ని ఎవరు కనిపెట్టారు, అది ఎందుకు అందర్నీ భయపెడుతుంది, దాన్ని ఎలా చదవాలి... ఇదే ఈ రోజు కథ.

మొదట ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో చెప్తాను. పోయిన సంక్రాంతికి వారం ముందు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. మా పెదనాన్నగారి బయాప్సీ రిపోర్ట్. అన్నయ్య పెట్టాడు. కింద ఒక్క లైన్ రాశాడు: "గ్లీసన్ స్కోర్ 3+4=7 అంట. ఎవరికైనా అర్థమైతే చెప్పండి."

ఎవరికీ అర్థం కాలేదు. కానీ అందరూ మాట్లాడారు. బాబాయ్ "పదికి ఏడు అంటే 70 శాతం పాకినట్టేనా?" అని అడిగాడు. అక్క గూగుల్‌లో ఏదో చూసి ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెట్టింది. అత్తయ్య తిరుపతి మొక్కు మొక్కేసింది. పెద్దమ్మకి స్మార్ట్‌ఫోన్ లేదు. ఆవిడ నాకు మామూలు కాల్ చేసి మెల్లగా అడిగింది: "ఏడు అంటే మంచి మార్కులేనా నాన్నా?"

ఆ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు నెలలు ఖాళీ దొరికినప్పుడల్లా దీని గురించే చదివాను. చదివాక తెలిసింది ఏంటంటే, ఈ "ఏడు" వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది. రండి, మొదటి నుంచి చూద్దాం.

ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే ఒక చిన్న గ్రంథి. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. మూత్రం వెళ్ళే గొట్టం దీని మధ్యలోంచే పోతుంది. వీర్యంలో ఉండే ద్రవంలో కొంత భాగం ఇక్కడే తయారవుతుంది. వయసు పెరిగే కొద్దీ ఇది మామూలుగానే ఉబ్బుతుంది. అందుకే మన తాతయ్యలు రాత్రి నాలుగుసార్లు లేస్తారు. అది క్యాన్సర్ కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

1853లో లండన్ హాస్పిటల్‌లో జాన్ ఆడమ్స్ అనే సర్జన్ ప్రోస్టేట్ క్యాన్సర్ కేసు ఒకటి మైక్రోస్కోప్ కింద చూసి రికార్డు చేశారు. ఇది చాలా అరుదైన జబ్బు అని కూడా రాశారు. ఇప్పుడేమో ప్రపంచంలో మగవాళ్ళకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇదొకటి. మరి ఆయన చెప్పింది తప్పా? పూర్తిగా తప్పు అనలేం. ఇది వయసు మీద పడ్డాక వచ్చే జబ్బు. ఆ రోజుల్లో చాలామంది ఆ వయసు దాకా బతికేవాళ్ళే కాదు. బతికినా, లోపల ఉన్నదాన్ని చూసే దారి లేదు.

సరే. అసలు ట్విస్ట్ 1935లో వచ్చింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో ఆర్నాల్డ్ రిచ్ అనే పాథాలజిస్ట్ ఉండేవారు. ఆయన 50 ఏళ్ళు దాటి వేరే వేరే కారణాలతో చనిపోయిన మగవాళ్ళ ప్రోస్టేట్‌లని పరీక్షించారు. నూటికి సుమారు 14 మందిలో చిన్న చిన్న క్యాన్సర్లు కనిపించాయి. వాళ్ళలో చాలామందికి బతికుండగా అది ఉందని కూడా తెలియదు. గుండెజబ్బుతోనో న్యుమోనియాతోనో పోయారు, క్యాన్సర్ లోపల నిద్రపోతూనే ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. ఒకే పేరున్న జబ్బు. ఒకాయనలో ముప్పై ఏళ్ళు కదలకుండా పడుకుంటుంది. ఇంకొకాయనలో రెండేళ్ళలో ఎముకలకి పాకి, మంచం మీద పడేస్తుంది. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. డాక్టర్ ముందున్న ప్రశ్న "క్యాన్సర్ ఉందా లేదా" మాత్రమే కాదు. "ఇది నిద్రపోయే రకమా, పరుగెత్తే రకమా?" ఈ రెండో ప్రశ్నకి జవాబు వెతకడమే మన ఈ రోజు చరిత్ర.

మొదటి ఆధారం రక్తంలో దొరికింది. 1930లలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ప్రోస్టేట్‌లో చాలా ఎక్కువగా ఉంటుందని తేలింది. 1938లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ గుట్మన్, ఎథెల్ గుట్మన్ అనే దంపతులు ఇంకో విషయం చూపించారు. క్యాన్సర్ ఎముకలకి పాకిన వాళ్ళలో చాలామందికి ఈ ఎంజైమ్ రక్తంలో కూడా పెరుగుతోంది.

దీన్ని పట్టుకుని షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ పెద్ద అడుగు వేశారు. మనుషుల్లాగే కుక్కలకి కూడా ముసలితనంలో ప్రోస్టేట్ పెరుగుతుంది. అందుకే ఆయన కుక్కల మీద పని మొదలుపెట్టారు. 1941లో క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి మనుషుల్లో చూపించారు: వృషణాలు తీసేసినా, ఆడ హార్మోన్ ఇచ్చినా రక్తంలో ఆ ఎంజైమ్ తగ్గుతుంది, మగ హార్మోన్ ఇస్తే పెరుగుతుంది. అంటే ఈ క్యాన్సర్‌కి మగ హార్మోన్ మేత లాంటిది. మేత ఆపితే అది కుంగుతుంది. ఈ పనికి 1966లో హగ్గిన్స్‌కి నోబెల్ వచ్చింది.

కానీ యాసిడ్ ఫాస్ఫటేజ్‌తో ఒక ఇబ్బంది ఉంది. అది బాగా పెరిగే సరికి జబ్బు ఎముకలకి చేరిపోయి ఉంటుంది. ఇల్లంతా అంటుకున్నాక మోగే అలారం అన్నమాట.

రెండో ఆధారం డాక్టర్ వేలు. అవును, వేలే. ప్రోస్టేట్ మలద్వారం గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి గ్లవ్ వేసుకుని వేలితో తడిమి చూడొచ్చు. గట్టిగా గడ్డలా తగులుతోందా? ఒక పక్కనే ఉందా, రెండు పక్కలా ఉందా? గ్రంథి దాటి బయటికి వచ్చిందా? 1956లో న్యూయార్క్‌లో విల్లెట్ విట్‌మోర్ అనే యూరాలజిస్ట్ దీన్ని ఏ, బీ, సీ, డీ అని నాలుగు స్టేజీలుగా పెట్టారు. తర్వాత దాని స్థానంలో టీ1, టీ2, టీ3, టీ4 వచ్చాయి. మీ ఇంట్లో ఎవరి రిపోర్ట్‌లోనైనా "టీ" అక్షరం కనిపిస్తే అది చెప్పేది గడ్డ ఎక్కడిదాకా వచ్చిందన్న సంగతి.

ఈ విట్‌మోర్ గారే తర్వాత డాక్టర్లందరినీ ఆలోచనలో పడేసిన ఒక ప్రశ్న అడిగారు. నయం చెయ్యక తప్పని వాళ్ళకి మనం నిజంగా నయం చెయ్యగలమా? మనం నయం చెయ్యగలిగిన వాళ్ళకి అసలు వైద్యం అవసరమా? ఇదీ దాని సారం. ఈ జబ్బు గురించి ఇంతకన్నా సూటి ప్రశ్న నాకు కనపడలేదు.

ఇక మూడో ఆధారం. మన హీరో ఎంట్రీ.

1962. అమెరికాలో మినియాపొలిస్ అనే ఊరు. అక్కడ మాజీ సైనికుల ఆస్పత్రిలో డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్ట్ ఉన్నారు. రోజంతా మైక్రోస్కోప్ ముందు కూర్చునే మనిషి. ఆ ఆస్పత్రి యూరాలజీ అధిపతి జార్జ్ మెలింజర్ ఆయనకి ఒక పని అప్పగించారు. అప్పటికి దేశంలోని మాజీ సైనికుల ఆస్పత్రులు కొన్ని కలిసి ప్రోస్టేట్ క్యాన్సర్ మీద ఒక పెద్ద అధ్యయనం చేస్తున్నాయి. ఏ పేషంట్‌కి ఏ వైద్యం ఇవ్వాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించేవారు. కొందరికి ఆపరేషన్, కొందరికి హార్మోన్, కొందరికి మందు లేని ఉత్తి బిళ్ళ. అందరి గడ్డలనీ ఒకే కొలతతో చూడాలి కదా? ఆ కొలత తయారు చెయ్యమన్నారు.

అంతకుముందు కొలతలు లేవని కాదు. చాలా ఉన్నాయి, ఒక్కో ఊళ్ళో ఒక్కోటి. ఎక్కువమంది కణాన్ని దగ్గరగా చూసేవారు. కణం మధ్యలోని కేంద్రకం ఎంత వికారంగా ఉంది, ఎంత వేగంగా విడిపోతోంది... ఇలా. గ్లీసన్ రూట్ మార్చారు. లెన్స్ పవర్ తగ్గించారు. ఒక్కో కణాన్ని కాకుండా, కణాలన్నీ కలిసి కట్టిన గ్రంథుల అమరికని చూశారు.

మన భాషలో చెప్పాలంటే, ఒక కాలనీని డ్రోన్‌తో పైనుంచి చూసినట్టు. ఇళ్ళు వరసగా, మధ్యలో సందులతో ఉంటే అది నమూనా 1. ఇళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఉన్నా దేనికది విడిగా ఉంటే నమూనా 3. గోడలు కలిసిపోయి ఏ ఇల్లు ఎక్కడ మొదలవుతుందో తెలియకపోతే నమూనా 4. అసలు ఇళ్ళే లేకుండా జనం రోడ్డు మీద గుంపులుగా పడి ఉంటే నమూనా 5. గ్లీసన్ ఈ ఐదింటినీ స్వయంగా బొమ్మ గీశారు. ఆ బొమ్మ ప్రపంచమంతా పాథాలజీ పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇప్పుడు అసలు మ్యాజిక్. ఆయన తన నమూనాలని రాసి పక్కన పెట్టారు. గణాంక నిపుణులు ఆ నమూనాలని, ఆ పేషంట్లు ఎన్నేళ్ళు బతికారన్న లెక్కతో పోల్చి చూశారు. నమూనా అంకె పెరిగే కొద్దీ మరణాలు పెరిగాయి. ఇంకోటి కూడా బయటపడింది. చాలామంది గడ్డల్లో ఒకటి కాదు, రెండు నమూనాలు కలిసి ఉంటున్నాయి. మరి దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? ఎక్కువ చెడ్డదాన్నా? లెక్క ఏం చెప్పిందంటే, ఆ పేషంట్ల గతి రెండింటికీ మధ్యలో ఉంది. అందుకని రెండు అంకెలనీ కలిపేశారు. ఎక్కువ భాగం ఉన్న నమూనా మొదట, తర్వాతి స్థానంలో ఉన్నది రెండోది. 3+4=7. ఒకే నమూనా ఉంటే దాన్నే రెండుసార్లు రాస్తారు, 3+3=6.

1966లో 270 మంది పేషంట్ల మీద మొదటి పేపర్ వచ్చింది. హగ్గిన్స్‌కి నోబెల్ వచ్చిన సంవత్సరమే అది. 1974కి వెయ్యి మంది దాటారు, అంచనా నిలబడింది. అయినా వెంటనే అందరూ ఒప్పుకోలేదు. ఎవరి కొలత వాళ్ళకి ముద్దు. 1987లో కొందరు పేరున్న డాక్టర్లు కలిసి, పరిశోధన పత్రాలన్నిటిలో ఇదే వాడాలని రాశాకగానీ ఇది పూర్తిగా స్థిరపడలేదు. ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆ మాజీ సైనికుల అధ్యయనంలోనే ఇంకో నిజం బయటపడింది. ఎక్కువ మోతాదులో ఆడ హార్మోన్ మాత్ర తీసుకున్న వాళ్ళు క్యాన్సర్‌తో తక్కువగా, గుండెజబ్బులతో ఎక్కువగా చనిపోయారు. వైద్యం కూడా ప్రాణం తీయగలదు. అంటే జబ్బు ఎటు వెళ్తుందో ముందే అంచనా వెయ్యడం సైంటిస్టుల సరదా కాదు. అవసరం లేని వాడికి వైద్యం చేస్తే వాడికి నష్టం. అవసరం ఉన్నవాడిని వదిలేస్తే వాడికి నష్టం.

నాలుగో ఆధారం మళ్ళీ రక్తంలోనే. దాని పేరు మీరు వినే ఉంటారు, పీఎస్‌ఏ. ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్. 1979లో అమెరికాలోని బఫెలో నగరంలో రోజ్‌వెల్ పార్క్ సంస్థ పరిశోధకులు దీన్ని శుద్ధి చేసి వేరు చేశారు. తర్వాత రక్తంలో కొలవడం మొదలైంది. 1986లో అమెరికా ప్రభుత్వం దీన్ని ఒక పనికి అనుమతించింది: క్యాన్సర్ ఉందని తెలిసిన వాళ్ళలో జబ్బు ఎలా నడుస్తోందో గమనించడానికి. ఈ పనికి ఇది బంగారం. ఆపరేషన్‌లో ప్రోస్టేట్ మొత్తం తీసేస్తే పీఎస్‌ఏ దాదాపు సున్నా అవ్వాలి. మళ్ళీ పెరిగిందంటే ఎక్కడో కణాలు మిగిలాయని అర్థం. మనిషికి ఏ నొప్పీ రాకముందే తెలిసిపోతుంది.

కానీ జనం అక్కడ ఆగలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో క్యాన్సర్ వెతకడానికి వాడటం మొదలుపెట్టారు. 1994లో దానికి కూడా అనుమతి వచ్చింది. అమెరికాలో కేసుల సంఖ్య ఒక్కసారిగా ఎగబాకింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, మామూలు ఉబ్బుకి కూడా పీఎస్‌ఏ పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్‌కీ పెరుగుతుంది. పైగా ఆర్నాల్డ్ రిచ్ చూసిన ఆ నిద్రపోయే క్యాన్సర్లన్నీ ఇప్పుడు బతికున్న మనుషుల్లో బయటపడ్డాయి. ఆపరేషన్లు జరిగాయి. కొందరి ప్రాణాలు నిలిచాయి, నిజమే. ఇంకెంతమందో మూత్రం ఆపుకోలేక, దాంపత్య జీవితం పోగొట్టుకుని మిగిలారు. వాళ్ళ క్యాన్సర్ ఎప్పటికీ లేచేది కాదేమో. 1970లోనే ప్రోస్టేట్ యాంటిజెన్ గురించి రాసిన రిచర్డ్ ఆబ్లిన్, 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ విచ్చలవిడి పరీక్షల్ని గట్టిగా విమర్శించారు.

సరే, ఇప్పుడు మన చేతిలో మూడు పనికొచ్చే ఆధారాలు ఉన్నాయి. వేలికి తగిలే స్టేజ్, మైక్రోస్కోప్ చెప్పే గ్లీసన్, రక్తం చెప్పే పీఎస్‌ఏ. ఏదీ ఒంటరిగా సరిపోదు. క్రికెట్ చేజ్ చూస్తారు కదా? స్క్రీన్ మీద విన్ ప్రెడిక్టర్ వస్తుంది. కావాల్సిన రన్‌రేట్ ఒక్కటే చూసి చెప్పేస్తుందా? వికెట్లు ఎన్ని ఉన్నాయి, ఓవర్లు ఎన్ని ఉన్నాయి, అన్నీ కలిపి చెప్తుంది. సరిగ్గా అదే పని ఇక్కడా జరిగింది.

1993లో జాన్స్ హాప్కిన్స్‌లో అలన్ పార్టిన్ బృందం ఈ మూడింటినీ కలిపి పట్టికలు తయారు చేసింది. మీ పీఎస్‌ఏ ఇంత, గ్లీసన్ ఇంత, స్టేజ్ ఇది అయితే, క్యాన్సర్ గ్రంథి దాటి ఉండే అవకాశం ఇంత అని చెప్పే పట్టికలు. 1998లో ఆంథొనీ డమీకో ఇంకా సులువు చేశారు. మూడు గుంపులు. పీఎస్‌ఏ 10కి మించకుండా, గ్లీసన్ 6కి మించకుండా, స్టేజ్ టీ2ఏ దాటకుండా ఉంటే తక్కువ రిస్క్. పీఎస్‌ఏ 20 దాటినా, గ్లీసన్ 8 లేదా ఆపైన ఉన్నా, స్టేజ్ టీ2సీకి చేరినా ఎక్కువ రిస్క్. మధ్యలో ఉన్నవాళ్ళు మధ్య రిస్క్. కొన్ని మార్పులతో ఇప్పటికీ డాక్టర్లు ఈ దారిలోనే ఆలోచిస్తారు.

ఇప్పుడు మా బాబాయ్ అడిగిన ప్రశ్నకి వద్దాం. పదికి ఏడు అంటే 70 శాతమా?

కాదు. కారణం కూడా చరిత్రలోనే ఉంది. స్కేల్ రాసింది 2 నుంచి 10 వరకు. కానీ కాలక్రమంలో పాథాలజిస్టులు బయాప్సీలో 2, 3, 4, 5 స్కోర్లు ఇవ్వడం దాదాపు మానేశారు. 2005లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని నియమాలు సవరించారు. ఇంతకుముందు 3 అనుకున్న కొన్ని ఆకారాలు 4లోకి వెళ్ళాయి. అంటే ఆచరణలో మెట్లు 6 నుంచే మొదలు. 6 అంటే అట్టడుగు మెట్టు, అన్నిటికన్నా నెమ్మదైన రకం. పేషంట్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పదికి ఆరు అనగానే సగం పైన పోయిందని గుండె జారిపోతుంది. దాంతో అవసరం లేకపోయినా ఆపరేషన్ చెయ్యమని అడుగుతారు.

ఇంకో తమాషా చూడండి. ఇలా మెట్లు మారినప్పుడు లెక్కలు మనల్ని మోసం చేస్తాయి. కాలేజీలో ఏ సెక్షన్, బీ సెక్షన్ ఉన్నాయి. ఏ సెక్షన్‌లో అందరికన్నా వెనకబడ్డ కుర్రాడిని బీ సెక్షన్‌కి పంపారు. అక్కడ వాడే టాపర్. ఇప్పుడు రెండు సెక్షన్ల యావరేజీలూ పెరిగాయి. ఎవడూ ఒక్క పేజీ ఎక్కువ చదవలేదు! 2005లో అమెరికాలో పీటర్ ఆల్బర్ట్‌సన్ బృందం ఇదే చూపించింది. 1990ల మొదట్లో తీసిన స్లైడ్లని పదేళ్ళ తర్వాత కొత్త పద్ధతిలో మళ్ళీ చదివించారు. సగటు స్కోర్ 5.95 నుంచి 6.8కి పెరిగింది. పేషంట్లు వాళ్ళే, వాళ్ళ గతీ అదే. కానీ స్కోర్ వారీగా చూస్తే ఫలితాలు మెరుగైనట్టు కనిపించాయి. అందుకే పాత వెబ్‌సైట్‌లో ఉన్న శాతాలు చూసి ఇప్పటి రిపోర్ట్‌కి అతికించకూడదు. మా అక్క చేసిన పొరపాటు అదే.

ఈ గందరగోళం తీర్చడానికి 2014లో షికాగోలో నిపుణుల సమావేశం ఒక కొత్త మెట్ల వరసని ఆమోదించింది. జొనాథన్ ఎప్‌స్టీన్ ప్రతిపాదించిన గ్రేడ్ గ్రూప్ పద్ధతి ఇది. గ్లీసన్ 6 అయితే గ్రూప్ 1. 3+4 అయితే గ్రూప్ 2. 4+3 అయితే గ్రూప్ 3. 8 అయితే గ్రూప్ 4. 9, 10 అయితే గ్రూప్ 5. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని తీసుకుంది.

చూశారా? 3+4, 4+3... రెండూ ఏడే. కానీ వేరు వేరు మెట్లు. ఎంత తేడా? ఐదు పెద్ద ఆస్పత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న ఇరవై వేల మందికి పైగా పేషంట్లని లెక్కేశారు. ఐదేళ్ళ తర్వాత పీఎస్‌ఏ మళ్ళీ పెరగకుండా ఉన్నవాళ్ళు గ్రూప్ 1లో 96 శాతం, గ్రూప్ 2లో 88, గ్రూప్ 3లో 63, గ్రూప్ 4లో 48, గ్రూప్ 5లో 26. పీఎస్‌ఏ పెరగడం అంటే చావు కాదు, దానికి కూడా వైద్యం ఉంది. అయినా 88కి 63కి మధ్య ఎంత దూరం ఉందో చూడండి. చిన్నప్పుడు లెక్కల మాస్టారు మూడు ప్లస్ నాలుగు ఎటు రాసినా ఒకటే అన్నారు కదా. ఇక్కడ కాదు.

మరి తక్కువ రిస్క్ ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? 1990లలో టొరంటోలో లారెన్స్ క్లాట్జ్ అప్పట్లో చాలామందికి మింగుడు పడని పని చేశారు. క్యాన్సర్ ఉందని తెలిసినా వైద్యం వెంటనే మొదలుపెట్టకుండా, పీఎస్‌ఏ, బయాప్సీలతో దగ్గరగా గమనిస్తూ, కదలిక కనిపిస్తేనే వైద్యం చెయ్యడం. 2015లో 993 మంది లెక్క బయటపెట్టారు. అప్పటికి ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు 15 మంది.

బ్రిటన్‌లో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది, పేరు ప్రొటెక్ట్. 1,643 మందిని లాటరీ పద్ధతిలో మూడు దార్లలో పెట్టారు: గమనించడం, ఆపరేషన్, రేడియేషన్. 2023లో పదిహేనేళ్ళ ఫలితాలు వచ్చాయి. ఏ కారణంతోనైనా చనిపోయినవాళ్ళు 356 మంది. అందులో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు 45 మంది. మూడు దార్లలోనూ దాదాపు సమానమే. అయితే ఒకటి దాచకూడదు: గమనించిన గుంపులో క్యాన్సర్ వేరే చోటికి పాకడం సుమారు 9 శాతం మందిలో కనిపిస్తే, మిగతా రెండింటిలో సుమారు 5 శాతం. అంటే గమనించడం ఊరికే కూర్చోవడం కాదు, జాగ్రత్తగా చెయ్యాల్సిన పని.

ఆ 356, 45 లెక్క ఇంకోసారి చూడండి. మిగతా మూడు వందల పైచిలుకు మంది వేరే కారణాలతో పోయారు. అంటే మనిషి వయసు, గుండె, షుగర్... ఇవి కూడా అంచనాలో భాగమే. 55 ఏళ్ళ ఆరోగ్యవంతుడికి ఒక స్కోర్ చెప్పే మాట వేరు, 80 ఏళ్ళాయనకి అదే స్కోర్ చెప్పే మాట వేరు. ఈ మధ్య జన్యువులు కూడా లిస్టులో చేరాయి. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో పుట్టుకతో లోపం ఉంటే ప్రోస్టేట్ క్యాన్సర్ చిన్న వయసులో, దూకుడుగా వచ్చే ప్రమాదం ఎక్కువ. అదే జన్యువు ఆడవాళ్ళలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లకి కూడా కారణమవుతుంది. కాబట్టి డాక్టర్ "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా" అని అడిగితే నాన్న వైపే కాదు, అమ్మమ్మ వైపు కూడా చెప్పండి.

మన దేశం సంగతి? ఈ పట్టికల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ పేషంట్ల మీద కట్టినవి. అక్కడ పీఎస్‌ఏ పరీక్ష వల్ల తొందరగా దొరికిన కేసులు ఎక్కువ. మన దగ్గర చాలామంది నడుంనొప్పి, ఎముకల నొప్పి వచ్చాకే డాక్టర్ దగ్గరికి వస్తారు. అప్పటికి జబ్బు ముదిరిపోతుంది. "ఈ వయసులో మూత్రం ఇబ్బంది మామూలే" అనుకోవడం ఒక కారణం. సిగ్గు ఇంకో కారణం. అక్కడి సమస్య అవసరానికి మించి వెతకడం. మన సమస్య చాలాసార్లు దానికి రివర్స్.

చివరిగా మళ్ళీ మన ఇద్దరు మనుషులు. స్టేజీలు పెట్టి, ఆ గొప్ప ప్రశ్న అడిగిన విట్‌మోర్ 1995లో చనిపోయారు, ప్రోస్టేట్ క్యాన్సర్‌తోనే. గ్లీసన్ 2008లో 88 ఏళ్ళ వయసులో గుండెపోటుతో పోయారు. జీవితాంతం ఈ జబ్బు ఎటు వెళ్తుందో లెక్కగట్టిన ఇద్దరిలో ఒకరిని అదే తీసుకుపోయింది, ఒకరిని ముట్టుకోలేదు. విన్ ప్రెడిక్టర్ వెయ్యి మ్యాచ్‌ల గురించి నిజం చెప్తుంది. ఈ రోజు ఆడే ఈ ఒక్క మ్యాచ్ గురించి మాత్రం మాట ఇవ్వదు.

పెదనాన్న ఇప్పుడు ఎలా ఉన్నారని అడుగుతారు. ఆయనకి 71. షుగర్ ఉంది, గుండెలో స్టెంట్ ఉంది. పీఎస్‌ఏ 10 లోపే. ఎముకల స్కాన్‌లో ఏమీ లేదు. డాక్టర్ రెండు దార్లు చెప్పారు: రేడియేషన్, లేదా దగ్గరగా గమనించడం. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి. ఈసారి నేను తోడు వెళ్తున్నా. ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకున్నాం. ఎన్ని ముక్కలు తీశారు, ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది? నమూనా 4 ఎంత శాతం ఉంది? స్టేజ్ ఏంటి? స్లైడ్లని ఇంకో పాథాలజిస్ట్‌కి చూపించొచ్చా? వైద్యం చేస్తే ఏం పోగొట్టుకుంటాం, చెయ్యకపోతే ఏం పోగొట్టుకుంటాం? మీ ఇంట్లో అవసరం పడితే ఇవే స్క్రీన్‌షాట్ తీసుకోండి. నేను డాక్టర్‌ని కాదు. ఇది వైద్య సలహా కాదు. డాక్టర్ దగ్గర భయపడకుండా మాట్లాడటానికి కావాల్సిన చరిత్ర, అంతే.

పెద్దమ్మకి మొన్న ఫోన్ చేసి జవాబు చెప్పాను. "ఇవి మార్కులు కావు పెద్దమ్మా. ఏడులో ముందు మూడు వచ్చింది, అది నయం." ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "అయితే నాలుగు ముందు వచ్చినవాళ్ళ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇలా అర్థమయ్యేట్టు చెప్పాలి కదరా."

అందుకే ఈ ఎపిసోడ్. అవసరం ఉన్నవాళ్ళకి పంపండి.